నింద మోసిన ప్రాణదాత

మన పల్లెలలో వెనుకటి తరంవారికి పుట్టిన తేదీలు తెలియవు. వయస్సు ఎంత అని అడిగితే, ధాత కరవుకు రెండేళ్లు ముందు పుట్టినామనో, పెద్ద గాలివాన వచ్చిన మరుసటి ఏడనో, ప్లేగు ఏటికి నడక వచ్చినదనో చెప్పేవారు. ఇంటి చూరులోనుండి ఎలుక రాలినదన్న మాట వినబడగానే తలుపులకు తాళాలు బిగించి, పిల్లాజెల్లలతో పొలాలకు పోయి, పాకలు వేసికొని కాలం గడిపిన రోజులవి. 1896లో ప్రారంభమైన ఆ ఉపద్రవానికి పాతికేళ్లలో ఈ దేశంలో కోటిమందికి పైగా బలియైనారు. ఆ మృత్యువును ఎదుర్కొనడానికి మొట్టమొదట మానవుని చేతికి ఒక ఆయుధం అందించినవాడు ఈ దేశస్థుడు కాడు. ఈ దేశాన్ని ఏలిన జాతివాడూ కాడు. వైద్యపట్టా పుచ్చుకొన్న వైద్యుడైనా కాడు. జంతుశాస్త్రం చదువుకొని, పుట్టిన దేశంలో నిలువ నీడ లేక బయలుదేరిన ఒక యూదు యువకుడు. ఆయన పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్.

హాఫ్‌కిన్ 1860 మార్చి 15వ తేదీన నల్లసముద్ర తీరంలోని ఒడెస్సా పట్టణంలో జన్మించినాడు. ఆనాడు అది రష్యా చక్రవర్తుల ఏలుబడిలోనిది. నేడు ఉక్రెయిన్ దేశంలో ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయంలో చేరిన హాఫ్‌కిన్‌కు మెచ్నికోవ్ వంటి మహాపండితుడు గురువుగా లభించినాడు. శరీరంలోని తెల్లకణాలు రోగక్రిములను మింగి మనలను కాపాడుతున్నవని కనిపెట్టి, తరువాత 1908లో నోబెల్ బహుమానం పొందిన మెచ్నికోవ్ ఆయనే. గురువు గొప్పవాడు, శిష్యుడు చురుకైనవాడు. కాని కాలం మంచిది కాదు. 1881లో రష్యా చక్రవర్తి హత్య జరిగిన పిమ్మట యూదుల ఇళ్లపై దాడులు చెలరేగినవి. తనవారిని రక్షించడానికి ఏర్పడిన యువకుల దళంలో హాఫ్‌కిన్ చేరినాడు, గాయపడినాడు, పోలీసులకు చిక్కినాడు. మెచ్నికోవ్ అడ్డుపడి విడిపించకపోతే ఆ జీవితం ఏ చెరసాలలో ముగిసేదో చెప్పలేము.

చదువు ముగిసిన తరువాత మరొక పరీక్ష ఎదురైనది. స్వమతాన్ని విడిచి రాజమతాన్ని స్వీకరిస్తే ఆచార్య పదవికి దారి తెరచుకొనేది. హాఫ్‌కిన్ అందుకు అంగీకరించలేదు. 1888లో స్వదేశం విడిచి జెనీవా చేరినాడు. మరుసటి ఏడు పారిస్ వెళ్లినాడు. అప్పటికే మెచ్నికోవ్ అక్కడి పాశ్చర్ సంస్థలో చేరి ఉన్నాడు. శిష్యునికి ఇవ్వడానికి ఆ సంస్థలో అప్పుడు ఖాళీగా ఉన్న ఉద్యోగం ఒక్కటే, గ్రంథాలయంలో పుస్తకాలు చూచుకొనే కొలువు. హాఫ్‌కిన్ దానికే సంతోషించినాడు. పగలు పుస్తకాల బీరువాల నడుమ, తీరిక దొరికినప్పుడు సూక్ష్మదర్శిని ముందు ఆయన కాలం గడచినది.

ఆ తీరిక వేళలలో ఆయన పట్టుకొన్న సమస్య కలరా. మన పెద్దలు వాంతిభేది అని, తెలంగాణములో గత్తర అని పిలిచిన ఆ వ్యాధి అప్పట్లో ఆసియాలోనే కాక ఐరోపాలోను ఊళ్లను తుడిచిపెడుతున్నది. దాని క్రిమిని హాఫ్‌కిన్ ఒక గినీపంది పొట్టలోనుండి మరొక దాని పొట్టలోకి, అక్కడనుండి ఇంకొకదానిలోకి, ఇట్లు 39 మార్లు మార్చి, స్థిరమైన తీవ్రత గల క్రిమిని సిద్ధం చేసినాడు. మరొక పద్ధతిలో దాని బలం తగ్గించి మెత్తని క్రిమిని కూడ తయారు చేసినాడు. మొదట మెత్తనిదానిని ఎక్కించి, కొన్ని రోజులు ఆగి తీవ్రమైనదానిని ఎక్కించినచో, శరీరం వ్యాధిని ఎదుర్కొనే శక్తి ముందుగానే అలవరచుకొంటుందని ఆయన సిద్ధాంతం. జంతువులలో అది నిజమైనది. మనుష్యునిలో నిజమవుతుందా? ఆ ప్రశ్నకు సమాధానం పరుల దేహంలో వెదకడానికి ఆయనకు మనస్సొప్పలేదు. 1892 జూలై 18వ తేదీన తన దేహంలోనే ఆ సూదిమందు ఎక్కించుకొన్నాడు. జ్వరం వచ్చినది, తగ్గినది. తన వివరాలు తానే వ్రాసికొని, ఆ నెలాఖరున పారిస్‌లోని శాస్త్రజ్ఞుల సభకు నివేదించినాడు.

ఆనాటి ఐరోపా వైద్యలోకం ఆ నివేదికను పెద్దగా పట్టించుకొనలేదు. అయితే అంతకుముందు మన దేశంలో వైస్రాయిగా ఉండి, అప్పుడు పారిస్‌లో బ్రిటిషు రాయబారిగా ఉన్న లార్డ్ డఫరిన్‌కు మాత్రం ఆ టీకా అవసరం ఏ దేశానికి ఉన్నదో తెలుసు. ఆయన ప్రోత్సాహంతో హాఫ్‌కిన్ 1893 మార్చిలో కలకత్తాలో అడుగుపెట్టినాడు.

ఈ దేశంలో ఆయన పాటించిన నియమం ఒకటి ఉన్నది. ఎవరినీ బలవంతపెట్టరాదు, ఇష్టపడి వచ్చినవారికే టీకా వేయవలెను. ఆ రోజులలో అది సామాన్యమైన నియమం కాదు. తెల్లదొర తెచ్చిన సూది అంటే ప్రజలకు భయం. సూదిలో ఏమున్నదో, ఎందుకు గుచ్చుతున్నారో తెలియదు. 1894 మార్చిలో కలకత్తాలోని కట్టల్‌బగాన్ అనే పేదల బస్తీలో కలరా మరణాలు సంభవించినవి. ఆ చెరువునీరు పరీక్షించడానికి నగర ఆరోగ్యాధికారి హాఫ్‌కిన్‌ను పిలిపించినాడు. టీకా మాట ఎత్తగానే బస్తీవాసులు వెనుకాడినారు. అప్పుడు హాఫ్‌కిన్ వారి కండ్లెదుట తన శరీరంలోనే సూది గుచ్చుకొన్నాడని చెబుతారు. ఆయన వెంట పనిచేసినవారిలో బెంగాలీ వైద్యులు ఉన్నారు. ప్రజల భాషలో ప్రజలకు నచ్చజెప్పినవారు వారే. మెల్లగా ఒక్కొక్కరు ముందుకు వచ్చినారు. బస్తీలోని సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకొన్నారు. ఆ తరువాత అక్కడ 10 మందికి కలరా సోకినది, ఏడుగురు మరణించినారు. ఆ పదిమందీ టీకా వేయించుకొననివారే.

ఇట్లు రెండున్నర సంవత్సరాలలో ఉత్తర హిందూస్థానమంతట తిరిగి, సిపాయిల బారకాసులలో, జైళ్లలో, తేయాకు తోటలలో సుమారు 42 వేల మందికి ఆయన టీకా వేసినాడు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకొన్నది. 1895లో ఆరోగ్యం కోసం ఐరోపా వెళ్లి, పూర్తిగా కోలుకొనకముందే 1896లో తిరిగి వచ్చినాడు. అప్పటికి ఆయన కోసం మరొక మహామారి సిద్ధంగా ఉన్నది.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవును అంటి ఉన్న మాండ్వీ పేటలో ప్లేగు బయటపడినది. కొన్ని నెలలలోనే లక్షల జనం నగరం విడిచి పారిపోయినారు. అక్టోబరులో ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను బొంబాయికి పిలిపించినది. గ్రాంటు వైద్య కళాశాలలో ఆయనకు దొరికిన చోటు చిన్నది. సహాయంగా ఇచ్చినది ఒక గుమాస్తాను, ముగ్గురు నౌకర్లను. ప్లేగు క్రిమిని కనుగొని అప్పటికి రెండేళ్లే. ఆ క్రిమి ఎలుకలనుండి మనుష్యులకు ఎట్లు వస్తున్నదో ఇంకా ఎవరికీ తెలియదు. మధ్యవర్తి ఎలుకపై ఉండే గోమారి వంటి చిన్న పురుగని 1898లో సిమోఁ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పబోతున్నాడు.

ఈసారి హాఫ్‌కిన్ సజీవ క్రిములను విడిచి, చంపిన క్రిములతో టీకా చేయదలచినాడు. మాంసరసంలో ప్లేగు క్రిమిని పెంచవలెను. అది విస్తారంగా పెరగడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం మన వంటింటిలోనిది. మాంసరసంపై నేతిచుక్కలు తేలవేసినాడు. ఆ చుక్కలను పట్టుకొని, చూరునుండి వ్రేలాడే ఊడలవలె క్రిముల గుత్తులు క్రిందికి పెరిగినవి. సీసా కదిలించినప్పుడల్లా ఆ ఊడలు రాలి అడుగున చేరేవి. మళ్లీ క్రొత్తవి పుట్టేవి. కొన్ని వారాలకు సీసా అంతా క్రిమిమయమయ్యేది. దానిని తగినంత వేడి చేస్తే క్రిములు చచ్చేవి. కాని శరీరానికి శత్రువును గుర్తు పట్టించే గుణం మాత్రం మిగిలేది. మూడునెలల అహోరాత్రపు శ్రమ అది. సహాయకులలో ఒకరు జబ్బుపడినారు, కొందరు పని మానివేసినారు. ఆయన మానలేదు.

1897 జనవరి 10వ తేదీన ఆ టీకాను కూడ మొదట తన శరీరంలోనే ఎక్కించుకొన్నాడు. తరువాత ఇతరులకు ఇచ్చినదానికంటె ఎంతో హెచ్చు మోతాదు అది. తీవ్రమైన జ్వరం, నొప్పి అనుభవించి, లేచి నిలిచినాడు. ఆ నెలాఖరులోనే బైకుల్లా జైలులో ప్లేగు ప్రవేశించినది. ఖైదీలలో ఇష్టపడినవారికి టీకా వేసినారు. సుమారు సగంమంది వేయించుకొన్నారు. అటుపై వేయించుకొననివారిలో 12 మందికి వ్యాధి సోకి ఆరుగురు మరణించినారు. వేయించుకొన్నవారిలో ఇద్దరికే సోకినది, ఇద్దరూ బ్రతికినారు.

ఈ సమయంలోనే ప్రభుత్వం మరొక మార్గం త్రొక్కినది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చినది. రోగులను వెదకడానికి సైనికులు ఇళ్లలో చొరబడినారు, స్త్రీలను బయటికి రప్పించి పరీక్షించినారు, సామానులు తగులబెట్టినారు. పూనాలో ఆ కసి పొగలి, జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారి రాండ్ హత్యకు దారితీసినది. అదే పూనాలో ఆ మార్చిలో రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి ఫూలే ప్లేగుతోనే కన్నుమూసినది. ఒకే వ్యాధి ఎదుట మూడు తోవలు కనిపిస్తున్నవి: తుపాకి పట్టిన తోవ, భుజాన రోగిని మోసిన తోవ, మొదటి సూది తనకే గుచ్చుకొన్న తోవ. మొదటిదానికి జనం తలుపులు మూసినారు. తక్కిన రెండింటికి తెరచినారు. హాఫ్‌కిన్ పనికి తోడుపడినవారిలో యువకుడైన ఆగాఖాన్ ముఖ్యుడు. తన భవనం ఒకటి ప్రయోగశాలకు ఇచ్చి, తానే ముందుగా అందరియెదుట టీకా వేయించుకొన్నాడు. ఆయనను చూచి ఖోజాలు వేలకొలది వేయించుకొన్నారు.

హాఫ్‌కిన్ టీకా వేయడంతో తృప్తి పడలేదు; అది నిజంగా పనిచేస్తున్నదో లేదో నిష్పక్షపాతంగా తేల్చవలెనని పట్టుబట్టినాడు. 1898 ఫిబ్రవరిలో బరోడా సమీపాన ఉంధేరా గ్రామంలో జరిగిన పరీక్ష ఉపాధ్యాయులు విద్యార్థులకు తప్పక చెప్పదగినది. ఒక వీధివారికి టీకా వేసి, మరొక వీధివారికి మానితే, ఫలితం టీకాదో వీధిదో తేల్చలేము. అందువల్ల ప్రతి ఇంటిలోను కొందరికి వేసి, కొందరిని విడిచిపెట్టినారు. ఒకే కప్పు, ఒకే తిండి, ఒకే నీరు, భేదమల్లా టీకాయే. 71 మందికి వేసినారు, 64 మందికి వేయలేదు. కొన్ని వారాల తరువాత లెక్క చూచినారు. టీకా పొందినవారిలో 8 మందికి ప్లేగు సోకి ముగ్గురు చనిపోయినారు. పొందనివారిలో 27 మందికి సోకి 26 మంది చనిపోయినారు. ఆ టీకా సంపూర్ణ కవచం కాదు; ఆ సంగతి ఆయన దాచలేదు. కాని మూడుకూ ఇరువదియారుకూ నడుమ ఉన్న దూరం ఎన్ని కుటుంబాల దీపాలో!

ప్రభుత్వం గౌరవించినది. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాల సందర్భాన బిరుదునిచ్చినది. 1899 ఆగస్టులో బొంబాయి పరేల్‌లోని పాత గవర్నరు భవనాన్ని ప్లేగు పరిశోధనశాలగా మార్చి, ఆయనను దానికి అధిపతిని చేసినది. శతాబ్దం మారేనాటికి దేశంలో లక్షలాదిమంది ఆయన టీకా వేయించుకొన్నారు. గ్రంథాలయపు గుమాస్తా గవర్నరు భవనంలో కూర్చున్నాడు. కొండ ఎక్కినవానికే లోయ లోతు తెలుస్తుంది.

1902లో పంజాబులో ప్లేగు భయంకరంగా వ్యాపించినది. అక్కడి ప్రభుత్వం లక్షల మోతాదులు కావలెనన్నది. త్వరగా, హెచ్చుగా తయారు చేయడానికి హాఫ్‌కిన్ తయారీ పద్ధతిలో కొన్ని మార్పులు చేసినాడు. అంతకు పూర్వం టీకామందులో రక్షణగా కలిపే కార్బాలిక్ ఆమ్లాన్ని విడిచి, వేడిమిపై ఆధారపడినాడు. అక్టోబరు 30వ తేదీన ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకాలు వేసినారు. వారం తిరిగేసరికి వారిలో 19 మందికి ధనుర్వాతం వచ్చినది. దవడలు బిగిసి, వెన్ను విల్లువలె వంగి, పందొమ్మిదిమందీ మరణించినారు. ప్లేగునుండి బ్రతుకుదామని చేయి చాచినవారు వారు. ఈ కథలో ఎవరి పేరు మరచినా, నమ్మి వచ్చి ప్రాణాలు కోల్పోయిన ఆ పందొమ్మిదిమందిని మరువరాదు.

ఆ పందొమ్మిదిమందికీ టీకా ఒకే సీసాలోనుండి వేసినారు. దాని సంఖ్య 53ఎన్. మిగిలిన సీసాలలోని మందు పుచ్చుకొన్న 88 మందికి ఏ బాధా కలుగలేదు. ప్రశ్న ఒక్కటే: ధనుర్వాత క్రిమి ఆ సీసాలో ఎక్కడ చేరినది? బొంబాయిలోనా, ముల్కోవాల్‌లోనా? ప్రభుత్వం బొంబాయి ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించినది. సీసా మూత తీయకముందే, అనగా ప్రయోగశాలలోనే కల్మషం చేరినదని సంఘం అభిప్రాయపడినది. పద్ధతి మార్చడం, ఆమ్లం మానడం తప్పన్నది. హాఫ్‌కిన్‌ను ప్రయోగశాల బాధ్యతలనుండి తప్పించినారు. ఆయన 1904లో లండన్ వెళ్లిపోయినాడు. పరదేశి, యూదు, వైద్యపట్టా లేనివాడు. అధికార వర్గంలో ఆయన పక్షాన నోరెత్తేవారు లేకపోయినారు. ఫ్రాన్సులో డ్రైఫస్ అనే యూదు సైన్యాధికారిని అన్యాయంగా శిక్షించిన ఉదంతం అప్పటికి లోకమంతా ఎరిగినదే. అందుచేత తరువాతివారు దీనిని చిన్న డ్రైఫస్ వ్యవహారమన్నారు.

విచారణ పత్రాలు ప్రభుత్వం పూర్తిగా ప్రకటించినది 1906 చివరలో. వానిని శ్రద్ధగా చదివినవారిలో ఒకడు రోనాల్డ్ రాస్. ఈ పేరు మనకు కొత్త కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు సమీపాన బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచి, 1902లో నోబెల్ బహుమానం పొందినవాడాయన. ఆయన పని చేసిన భవనం ఆయన పేరనే నేటికీ అక్కడ నిలిచి ఉన్నది. బేగంపేటలో రాస్ దోమలు కోస్తున్న ఏడాదే బొంబాయిలో హాఫ్‌కిన్ టీకాలు వేస్తున్నాడు. ఈ దేశపు జ్వరాల నడుమ పనిచేసిన వానికే తోటివాని కష్టం తెలుస్తుంది.

పత్రాలలో రాస్‌కు కనిపించిన సంగతులు సాక్ష్యంలో మొదటినుండి ఉన్నవే. ముల్కోవాల్‌లో సీసా తెరచేటప్పుడు సహాయకుని చేతిలోని పట్టకారు నేలమీద పడినది. దానిని నిప్పుసెగపై కాల్చి శుద్ధి చేయవలసి ఉండగా, క్రిమిసంహారక ద్రవంలో కొంచెం ముంచి, దానితోనే బిరడా లాగినాడు. ధనుర్వాత క్రిమి ఉండే చోటు నేలమీది మట్టియే. పైగా ఆ సీసా అంతకు కొన్ని వారాల ముందు తయారైనది. అప్పుడే ఆ క్రిమి చేరి ఉంటే ఇన్ని వారాలలో పెరిగి దుర్గంధం పుట్టించి ఉండవలసినది. మూత తీసినప్పుడు వాసన చూచిన వైద్యునికి ఏ దుర్వాసనా తగలలేదు. సీసాలో ముందే విషం పండి ఉంటే రోగలక్షణాలు త్వరగా కనిపించవలసినవి. అవి వారానికి గాని రాలేదు. అంటే క్రిమి చేరినది తెరచిన క్షణంలోనే అనడానికి బలమైన ఆధారాలు. రాస్ ఈ విషయాలను 1907లో పత్రికలకెక్కించినాడు. ఆ జూలైలో పదిమంది ప్రముఖ శాస్త్రజ్ఞులు కలిసి లండన్ టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసినారు. నవంబరులో ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను మళ్లీ ఉద్యోగంలోకి పిలిచినది. ప్రమాదం జరిగి అప్పటికి అయిదేళ్లు.

ఈ అయిదేళ్లు నష్టపోయినది హాఫ్‌కిన్ ఒక్కడే కాదు. పంజాబులో జనం టీకా పేరు చెబితే బెదరిపోయినారు. 1907లో ఒక్క ఏడాదిలోనే దేశంలో పది లక్షలమందికి పైగా ప్లేగువల్ల మరణించినారు. నమ్మకం ఒకసారి చెదిరితే దాని వెల ప్రాణాలతో చెల్లించవలసి వస్తుంది.

హాఫ్‌కిన్ తిరిగి వచ్చినాడు గాని, పరేల్ ఆసనం అప్పటికే ఇతరులది. ఆయనకు కలకత్తాలో ఒక ప్రయోగశాల ఇచ్చినారు. ప్రజలలో టీకా పరీక్షలు చేసే అధికారం మాత్రం ఇవ్వలేదు. బస్తీల నడుమ మనుష్యులను గెలుచుకొన్నవాడు గాజు కుప్పెలకు పరిమితమైనాడు. ఆయనలోని ఉత్సాహం అణగిపోయినది. 55 ఏళ్ల వయస్సు రాగానే విశ్రాంతి తీసికొని ఐరోపా వెళ్లినాడు. పెండ్లి చేసికొనలేదు. శేషజీవితం తన మతధర్మాల ఆచరణలో, తనవారి క్షేమ చింతలో గడిపినాడు. కూడబెట్టిన ధనాన్ని తూర్పు ఐరోపాలోని యూదు ధార్మిక పాఠశాలలకు నిధిగా వ్రాసి ఇచ్చినాడు. 1930 అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లాండులోని లోసాన్ నగరంలో కన్నుమూసినాడు. పదవి కోసం విడువనన్న మతాన్ని ఆయన ఆఖరుదాక విడువలేదు.

ఆయన జీవించి ఉండగానే, 1925లో పరేల్ పరిశోధనశాలకు హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టినారు. అప్పటికి అక్కడనుండి రెండుకోట్ల అరువది లక్షల మోతాదుల ప్లేగు టీకా బయటికి వెళ్లినది. 1964లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వెలువరించినది. నేడు ప్లేగుకు మంచి మందులు వచ్చినవి. ఆయన చేసిన టీకా చరిత్రలోకి వెళ్లినది. పరేల్‌లో ఆ సంస్థ నేటికీ పనిచేస్తున్నది.

ఆయన మనకు విడిచిన పాఠం మాత్రం చరిత్రలోకి వెళ్లలేదు. 2021లో కరోనా టీకాలు వచ్చినప్పుడు ఎన్ని ఊళ్లలో ఎందరు వెనుకాడినారో ఉపాధ్యాయులకు తెలుసు. ఊరిపెద్దయో, బడిపంతులో ముందుగా చేయి చాచినచోట జనం ఎట్లు కదిలినారో కూడ తెలుసు. సీసాలోని మందుకు సగం బలం శాస్త్రం ఇస్తుంది. తక్కిన సగం నమ్మకం ఇస్తుంది. ఆ నమ్మకాన్ని హాఫ్‌కిన్ బలవంతంతో తీసికొనలేదు. తన దేహాన్ని ముందుంచి సంపాదించినాడు. దానిని పోగొట్టడానికి నేల రాలిన పట్టకారు ఒకటి చాలినది. నిజాన్ని నిలబెట్టడానికి అయిదేళ్లు పట్టినది. ప్రమాదం జరిగినప్పుడు ఎవరిని నిందించవలెనని కాక, ఏమి జరిగినదని ముందుగా అడగడం మన పిల్లలకు నేర్పగలిగితే, ఆ మహనీయునికి మన ఋణం కొంత తీరుతుంది.